నా బరువు నా ఒక్కదానిదీ కాదు

నలభై దాటిన ఆడది లావు తగ్గాలనుకుంటే మన ఇళ్ళల్లో దొరికే సలహా ఒక్కటే. "నోరు కట్టుకోవాలమ్మా!" పెద్దాళ్ళూ, పిల్లలూ, పక్కింటి పిన్నిగారూ, పెళ్ళిలో ఆకు ముందు కూర్చున్న దూరపు చుట్టాలూ... అందరిదీ ఇదే మాట. ఆ మాటలో ఒక తీర్పు దాగి ఉంది. నీ ఒళ్ళు పెరగడానికి కారణం నీ నోరే, తగ్గించుకోవాల్సిందీ నువ్వే, మాకేం సంబంధం లేదు అని. ఈ తీర్పు తప్పని నా వాదన. మర్యాద కోసం మెత్తగా చెప్పే విషయం కాదు కాబట్టి గట్టిగానే చెబుతాను.

ముందు నా లెక్కలు చెప్పేస్తాను. నాకు 46 ఏళ్ళు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఆరు నెలల క్రితం బరువు 81 కిలోలు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో 6.3 వచ్చింది. అది 5.7 దాటితే గీత దగ్గరకొచ్చినట్టు, 6.5 వస్తే షుగర్ వచ్చినట్టే. బీపీ 150, 96. లివర్‌కి కొవ్వు పట్టింది. "ఇలాగే ఉంటే ఏడాది తిరక్కుండా షుగర్ మాత్ర మొదలెట్టాల్సి వస్తుంది. బీపీ మాత్ర మాత్రం ఇవాళే" అంది డాక్టరమ్మ. మా అమ్మకి 54వ ఏట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయాక తొమ్మిదేళ్ళు ఎడమ చేత్తో అన్నం తింది. కాబట్టి నాకు ఇది చీర బాగా కుదరడం గురించిన గొడవ కాదు. నా కుడి చెయ్యి గురించిన గొడవ.

ఇక అసలు సంగతికొద్దాం. ఆడవాళ్ళు ఎందుకు లావవుతారు? తిండిపోతులై అనుకునేవాళ్ళు ఒక్కసారి ఏ ఇంట్లోనైనా వంటింటి గుమ్మం దగ్గర పొద్దుణ్ణించి రాత్రిదాకా కూర్చుని చూడండి. ఇల్లాలు ఎప్పుడు తింటుందో, ఏం తింటుందో కళ్ళకి కనిపిస్తుంది.

పొద్దున్న ఆరింటికి చక్కెర వేసిన కాఫీ. ఎనిమిదింటికి అందరికీ టిఫిన్లు. తొమ్మిదిన్నరకి మళ్ళీ టీ. పదింటికి అబ్బాయి సగం తిని వదిలేసిన ఇడ్లీ, అమ్మాయి ముట్టని ఉప్మా, రెండూ ఆవిడకే. మధ్యాహ్నం అందరూ తిన్నాక, వంటిల్లు సర్దాక, రెండున్నరకి అన్నం. అప్పటికి గిన్నెలో కూర అడుగంటి ఉంటుంది, అన్నం మాత్రం దండిగా ఉంటుంది. ఇంత పచ్చడీ, ఇంత అన్నం. పప్పు పిల్లలకి, కూర ముక్కలు మగవాళ్ళకి, గుడ్డు ఎదిగే పిల్లాడికి. రాత్రి తొమ్మిదిన్నరకి అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలు ఖాళీ చెయ్యాలి కాబట్టి మిగిలిందంతా ఆవిడకే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది మనమే అయినా కడబంతి మనదే అవుతోంది, ఆ కడబంతికి మిగిలేది పిండి పదార్థమే అవుతోంది.

దీన్ని తిండిపోతుతనం అంటారా? ఇది మిగుళ్ళ లెక్క. బలం ఇచ్చే పప్పూ గుడ్డూ కూరా ముందు పంక్తికి వెళ్ళిపోతాయి. అన్నం, నూనె, పచ్చడి వెనక పంక్తికి మిగులుతాయి. ఇరవై ఏళ్ళు ఈ లెక్కలో బతికిన ఒంటికి నడుము దగ్గర కొవ్వు చేరకపోతే ఆశ్చర్యపోవాలి. దానికి తోడు నలభై అయిదు దగ్గరకొచ్చేసరికి నెలసరి తగ్గుముఖం పడుతుంది, కండ తగ్గుతుంది, అంతకుముందు తుంటికీ తొడలకీ చేరిన కొవ్వు పొట్టకి చేరడం మొదలవుతుంది. కొందరికి థైరాయిడ్ కూడా. ఇవేవీ "నోరు కట్టుకో" అన్న మాటలో కనపడవు.

మిగిలింది పారేస్తే పాపం కదా అంటారు మా అత్తయ్య. ఆ మాట ఆవిడ కష్టం నుంచి వచ్చింది, కాదనను. అన్నానికి దణ్ణం పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని నేనూ. కానీ నాదొక ప్రశ్న. అవసరం లేని అన్నం చెత్తబుట్టలో పడితే దండగ. అదే అన్నం అవసరం లేని పొట్టలో పడితే దండగ కాదా? పైగా చెత్తబుట్టకి షుగర్ రాదు, నాకొస్తుంది. పాపం ఎక్కడ మొదలవుతోందో చూడండి, బియ్యం కొలిచే దగ్గర. నలుగురున్న ఇంట్లో ఆరుగురికి సరిపడా ఎసట్లో పోసి, ఆ ఎక్కువైంది ఇల్లాలి కంచంలోకి నెట్టడం పొదుపు అనిపించుకోదు. మా ఇంట్లో పూటకి నాలుగు గ్లాసులు పోసే బియ్యం ఇప్పుడు రెండున్నరకి వచ్చింది. మిగలడం లేదు కాబట్టి పాపమూ లేదు. ఎప్పుడైనా చాలకపోతే పది నిమిషాల్లో ఉప్మా అవుతుంది. ఇంతవరకు ఎవరూ పస్తులుండలేదు.

రెండో మాట. "ఇంటి పనికన్నా వ్యాయామం ఏముంది? పొద్దస్తమానం నిలబడే ఉంటావుగా!" ఈ మాట మావారు అన్నారు, మా తమ్ముడు అన్నాడు, ఆఖరికి పనమ్మాయి కూడా అంది. వినడానికి బాగానే ఉంటుంది. నిలబడి కూర కలిపితే కాళ్ళు పీకుతాయి, నడుము లాగుతుంది. నిజమే. కానీ గుండె వేగం పెరగదు, ఊపిరి ఎగదోసుకు రాదు. పిండి మిక్సీ రుబ్బుతుంది, బట్టలు మెషీన్ ఉతుకుతుంది. పని తగ్గలేదు, పనిలో ఒంటి కదలిక తగ్గింది. మిగిలింది అలసట. అలసట వేరు, వ్యాయామం వేరు. అలాగని "రోళ్ళూ తిరగళ్ళూ ఉన్న రోజులే నయం" అనే పాటకి నేను వంత పాడను. ఆ రోళ్ళ దగ్గర మోకాళ్ళు అరిగిపోయిన అమ్మమ్మల్ని నేను చూశాను.

డాక్టర్లు అడిగేది ఎంతో తెలుసా? వారానికి 150 నిమిషాలు. రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతా చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అదే పని చేసే మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. అయిదేళ్ళ తర్వాత 2024లో మళ్ళీ లెక్కపెడితే మనది 289కి దిగింది. అబ్బో అనుకుంటున్నారా, ఆగండి. మగవాళ్ళది 88కి దిగింది! మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. మన 289 నిమిషాల్లోంచి ముప్ఫై తీసి ఎవరైనా భుజాన వేసుకుంటే తప్ప ఆ నడక జరగదు. గాల్లోంచి అరగంట పుట్టదు.

అందుకే "నేను వద్దన్నానా?" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట అనని భర్త మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాడా? "నడవమనే చెబుతున్నాగా, నేను వద్దన్నానా?" అంటారు. అంటూనే ఆరింటికి కాఫీ కోసం వంటింట్లోకి తొంగి చూస్తారు. వద్దనకపోవడం వేరు, దారివ్వడం వేరు. రోడ్డు మధ్యలో బండి ఆపేసి "వెళ్ళు, నేను ఆపానా?" అన్నట్టుంటుంది ఇది. మావారికి ఇదే మాట ఇలాగే చెప్పాను. "ఏవండీ, మీరు వద్దనలేదు, నిజమే. ఆరింటి కాఫీ మీరు పెడితే నేను వెళ్తాను" అన్నాను. రెండ్రోజులు మూతి ముడుచుకున్నారు. మూడో రోజు పాలు పొంగించారు. నాలుగో రోజు నుంచి కాఫీ కుదిరింది. ఇప్పుడు అత్తయ్య కాఫీ కూడా ఆయనే కలుపుతున్నారు. మొదట్లో "నా కొడుకు చేత కాఫీ పెట్టిస్తోంది" అని ఫోన్లో మా ఆడపడుచుకి చెప్పుకున్న ఆవిడ ఇప్పుడు "వాడు పెడితేనే చిక్కగా ఉంటుంది" అంటున్నారు. ఇది నా గెలుపని చెప్పడం లేదు. అడక్కపోతే జరిగేది కాదని చెబుతున్నాను.

మూడో మాట అన్నిటికన్నా ప్రమాదం. "నీకు కావాలంటే వేరే వండుకో." అంటే అందరికీ మామూలు వంట వండి, వేపుడు వేయించి, అది అయ్యాక తనకోసం రెండు పుల్కాలూ చప్పిడి కూరా వండుకోవాలన్నమాట. 289 నిమిషాలకి ఇంకో నలభై! ఏ ఇల్లాలైనా ఇది ఎన్నాళ్ళు చేస్తుంది? మహా అయితే మూడు వారాలు. నాలుగో వారం మానేస్తుంది. అప్పుడు "చూశావా, దానికి పట్టుదల లేదు" అంటారు. పట్టుదల లేక మానలేదు, రెండు వంటలు వండలేక మానింది.

అసలు వేరే వంట ఎందుకు? ఒంటికి చేటు చేసే వంట నాకు మాత్రమే చేటా? మన భారతీయుల ఒళ్ళకి డాక్టర్లు పెట్టిన గీత ఇది: నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదు. తొంభై అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాలు. ఇంట్లో టేపు తీసి మగవాళ్ళ పొట్ట చుట్టూ పెట్టి చూడండి. వాళ్ళు "ఇది సంసార పక్షం పొట్ట" అని నవ్వేలోపు అంకె చదివేయండి. ఇక మన రాష్ట్రాల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎత్తుకి మించిన బరువున్న ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా! ఇంతమందికీ ఒక్కసారే నోటి మీద అదుపు తప్పిందంటే నమ్ముతారా? ఇంతమందికి వచ్చిందంటే అది ఒక్కొక్కరి నోరు చేసిన తప్పు కాదు, మన వంటిళ్ళు నడిచే తీరే అంత.

మా ఇంట్లో నూనె లెక్క చెబుతాను. నలుగురికి నెలకి అయిదు లీటర్ల డబ్బా. మనిషికి రోజుకి నలభై మిల్లీలీటర్ల పైమాటే. గ్రాము నూనెకి తొమ్మిది కేలరీలు, అంటే నూనె ఒక్కటే రోజుకి మూడు వందల నలభై కేలరీల దాకా. వంద గ్రాముల బియ్యంతో సమానం. అరగంట నడిస్తే ఖర్చయ్యేది మహా అయితే నూట యాభై. ఒకటిన్నర పెద్ద చెంచాల నూనె ఆ నడకని మింగేస్తుంది. అందుకే బరువు వీధిలో కన్నా వంటింట్లోనే ముందు తగ్గాలంటాను. ఇప్పుడు మాకు నెలకి మూడు లీటర్లు. దొండకాయ వేపుడు వారానికి ఒకసారి, మిగతా రోజుల్లో ఆవపెట్టిన కూరలూ, పప్పుకూరలూ, పులుసులూ. రుచి పోయిందని మొదటి వారం అందరూ సణిగారు. రెండో వారం తిన్నారు. మూడో వారం ఎవరికీ గుర్తులేదు.

కంచంలో వరస కూడా మార్చాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పిందేమిటంటే, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని. మన కంచం చూడండి. మధ్యలో అన్నం గుట్ట, పక్కన కూర బొట్టు. ఆ గుట్టని పక్కకి జరిపాం. ముందు కూర, పప్పు, గుడ్డు. తర్వాత అన్నం. ముఖ్యంగా, నేను వాళ్ళతోపాటే కూర్చుని తింటున్నాను. అన్నీ బల్ల మీద పెట్టేస్తాను, ఎవరికి కావాల్సింది వాళ్ళే వేసుకుంటారు. ఈ ఒక్క మార్పుతో నా కంచంలోకి కూర వచ్చింది, గుడ్డు వచ్చింది. బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకో సంగతి గుర్తొస్తుంటుంది. ఇల్లాలు ఎలా ఉండాలో చెప్పే ఆ పాత సంస్కృత శ్లోకం భోజనం పెట్టేటప్పుడు తల్లిలా ఉండమంటుంది. ఆ తల్లి ఎప్పుడు తినాలో ఒక్క ముక్క చెప్పదు.

బయట దుకాణాల గురించి ఎక్కువ రాయను. పది రోజుల్లో పది కిలోలు అనే పొడులూ, జీలకర్ర నీళ్ళూ, పొట్ట చుట్టూ కట్టే బెల్టులూ... ఇవన్నీ మన సిగ్గుని కొనుక్కునే వ్యాపారాలు. "నీ తప్పు నువ్వే దిద్దుకో" అని ఇంట్లోవాళ్ళు అన్నాకే మనం వాటి దగ్గరకి వెళ్తాం. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అవి మందులు, డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. అవసరమైనవాళ్ళు వాడితే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. నా మాటల్లా వంటిల్లు మారని ఇంట్లో ఏ మందైనా ఒంటరిగా పోరాడాల్సి వస్తుందనే.

నిజంగా పనిచేసేది ఏమిటో ఎప్పుడో తేలింది. 2002లో అమెరికాలో షుగర్ గీత దగ్గరకొచ్చిన మూడు వేల మందికి పైగా మనుషుల మీద చేసిన పెద్ద అధ్యయనం బయటికొచ్చింది. ఒంటి బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల కదలిక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మన చెన్నైలో చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలోనూ తిండీ నడకా మార్చుకున్నవాళ్ళకి దాదాపు 28 శాతం తగ్గింది. ఏడు శాతం అంటే నా లెక్కలో అయిదున్నర, ఆరు కిలోల మధ్య. నా ఎత్తుకి 55 దాటకూడదట. ఆ అంకె చూసి గుండె జారిపోనక్కర్లేదు. మొదటి ఆరు కిలోలకే ఒళ్ళు కృతజ్ఞత చూపిస్తుంది.

"నువ్వంటే అదృష్టవంతురాలివి, మీవాళ్ళు విన్నారు. మా ఇంట్లో వినరు" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. అది నేను కొట్టిపారేయను. ఉమ్మడి కాపురాల్లో, అడిగితే చెయ్యెత్తే ఇళ్ళల్లో, రెండు పూటలా బయట పనికెళ్ళి వచ్చి వండేవాళ్ళకి ఇదంతా నేను చెప్పినంత తేలిక కాదు. అలాంటివాళ్ళకి "పట్టుదల కావాలి" అని ఉపన్యాసం ఇవ్వడం మరింత అన్యాయం. అందుకే ఈ వాదన ఆడవాళ్ళతో కన్నా ఇంట్లో మిగతావాళ్ళతో చేస్తున్నాను. "డబ్బున్నవాళ్ళ గోల" అనేవాళ్ళకి మాత్రం నా దగ్గర లెక్క ఉంది. రెండు లీటర్ల నూనె మిగిలింది, బియ్యం మిగిలింది, ఆ డబ్బుతో గుడ్లూ పెసలూ కూరగాయలూ వస్తున్నాయి. నడకకి కొన్నది ఒక జత బూట్లు.

అబ్బాయిలున్న తల్లులకీ, అమ్మాయిలున్న తల్లులకీ ఇంకో మాట. మా అమ్మాయికి పంతొమ్మిది. చుట్టాలు దాన్ని చూసి "ఇప్పట్నించే తగ్గించుకో, రేపు సంబంధాలు రావాలిగా" అంటున్నారు. ఎవరో కుర్రాడి కళ్ళకి నచ్చడానికి ఆడపిల్ల కడుపు మాడ్చుకోవాలి. పెళ్ళయ్యాక అదే పిల్ల అందరి మిగుళ్ళూ తిని కడుపు నింపుకోవాలి. ఈ రెంటి మధ్యా దానికి సరైన కంచం ఎప్పుడు దొరుకుతుంది? నేను దానికి నేర్పుతున్నది ఒకటే. వేళకి తిను, అందరితో కూర్చుని తిను, నీ కంచంలో పప్పూ కూరా ఉన్నాయో లేదో చూసుకో. అదే పాఠం మా అబ్బాయికి ఇంకోలా. నీ కంచంలో వదిలేసింది అమ్మ తినదు, కావాల్సినంతే పెట్టుకో.

నాకిప్పుడు 74 కిలోలు. షుగర్ 5.9. బీపీ మాత్ర వేసుకుంటూనే ఉన్నాను, 130, 84 దగ్గర నిలబడింది. ఇంకా చాలా దూరం ఉంది. మధ్యలో రెండు నెలలు ముల్లు కదల్లేదు కూడా. అప్పుడు ఇంట్లో ఎవరూ "నోరు కట్టుకో" అనలేదు, "రేపు వాన పడితే మేడ మీద నడువు" అన్నారు. ఆ తేడాయే నన్ను నిలబెట్టింది.

ఈ వారం మీరు ఇంట్లో మూడు అడగండి. పొద్దున్న అరగంట. అందరితోపాటు ఒక కంచం. అందరికీ ఒకే వంట. బతిమాలుతూ కాదు, కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా అడగండి. వాళ్ళేమన్నారో నాకు రాయండి. ముఖ్యంగా "నేను వద్దన్నానా?" అన్నవాళ్ళు ఎంతమందో లెక్క పెట్టి మరీ రాయండి.